సూరతు నగరము: భయకాలమున స్వీయ నిర్ణయము

తాపీనది సముద్రమును చేరు చోటికి కొన్ని మైళ్ల ఎగువన నున్న సూరతు నగరము ఒకప్పుడు మొగలాయీ సామ్రాజ్యమునకు ముఖ్యమైన రేవు. నేడది వస్త్రములకును, జరీకిని, వజ్రములను సానపట్టు పనికిని ప్రసిద్ధి పొందియున్నది. మరమగ్గములపై పనిచేయుటకై తెలంగాణమునుండి వెళ్లిన పద్మశాలి కుటుంబములు అనేకములు అచ్చటి లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవి. నగర పురపాలక సంస్థ తెలుగు మాధ్యమమున గూడ పాఠశాలలు నడుపుచున్నది. కావున 1994వ సంవత్సరమున ఆ నగరమున జరిగినది తెలుగువారికి పరాయి కథ కాదు.

ఆ సంవత్సరము సెప్టెంబరు మూడవ వారమున, వానలును వరదయు తగ్గిన పిదప, తీవ్రమైన జ్వరముతోను, దగ్గుతోను, రక్తము పడుచున్న కఫముతోను రోగులు ఆసుపత్రికి రాసాగిరి. కొందరు ఒకటి రెండు దినములలోనే మరణించిరి. అది ఊపిరితిత్తుల ప్లేగు అను వార్త ఒక్క రాత్రిలో నగరమంతటను ప్రాకెను. కొలది దినములలో లక్షలకొలది జనము దొరికిన రైలును, దొరికిన లారీని ఎక్కి నగరమును విడిచిపోయిరి. మందుల దుకాణములలో టెట్రాసైక్లిన్ గుళికలు కరవయ్యెను. ప్రైవేటు వైద్యశాలలు పెక్కులు మూతపడెను. కొన్ని దేశములు భారతదేశమునకు విమానముల రాకపోకలు నిలిపివేసెను. తుదకు లెక్క చూడగా, దేశము మొత్తము మీద ఆ వ్యాధివలన మరణించినవారు ఏబదికి కొంచెము పైగా మాత్రమే. మరణించిన వారి కుటుంబములకు అది చిన్న సంఖ్య కాదు. అయినను వ్యాధి చేసిన హానికంటె భయము చేసిన హాని అనేక రెట్లు అధికమని చెప్పక తప్పదు.

ఇట్టి రాత్రి సామాన్య మానవుడు ఎట్లు నిర్ణయించుకొనును? రాత్రి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరిన ఒక మగ్గపు కార్మికుని ఊహింపవచ్చును. వీధిలో సగము ఇండ్లకు తాళములు పడియున్నవి. భార్య బట్టలు మూటగట్టి వాకిట నిలిచియున్నది. "అందరు పోతున్నరు. పొద్దుగాల బండికి మనం గూడ పోదాం. పిల్లలకేమన్న అయితె ఎట్ల?" అని ఆమె అడుగుచున్నది. పెద్ద పిల్లవానికి సాయంకాలము నుండి ఒళ్లు కాలుచున్నది, దగ్గు గూడ మొదలైనది. స్వగ్రామమునకు ఒక పగలును ఒక రాత్రియు ప్రయాణము. ఆమె మాటలో తప్పేమియు లేదు, అది తల్లి మాట. పైగా పెద్దల నాటినుండి వచ్చుచున్న బుద్ధి గూడ అదియే.

ఆ బుద్ధి ఎచ్చటనుండి వచ్చినదో తెలిసికొనుట మంచిది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున తెలుగుదేశమున ప్లేగు వచ్చినప్పుడు ఇంటిలో ఎలుకలు రాలి చచ్చుట చూచినంతనే ఊరివారు ఇండ్లు విడిచి పొలములలో పాకలు వేసికొనుచుండిరి. దీనిని మూఢత్వమని నేటివారు తలంచుట పొరపాటు. ప్లేగు సూక్ష్మజీవిని 1894లో హాంగ్‌కాంగ్ నగరమున అలెగ్జాండర్ యెర్సిన్ కనుగొనెను. ఎలుకనుండి మనుష్యునకు దానిని చేర్చునది ఎలుక ఒంటిమీద గెంతుచుండు చిన్న పురుగు అని 1898లో పాల్ లూయీ సిమండ్ నిరూపించెను. ఎలుక చచ్చినచో ఆ పురుగులు మనుష్యుని వెదకుకొనును. కనుక చచ్చిన ఎలుకలున్న ఇంటిని విడుచుట గజ్జలలోను చంకలలోను గడ్డలు లేచు ప్లేగునకు సరియైన రక్షణయే. పల్లెటూరివారు కారణము తెలియకయే సరియైన పని చేసిరి.

ఊపిరితిత్తుల ప్లేగు విషయము వేరు. ఇందు పురుగుతో పనిలేదు. రోగి దగ్గినప్పుడు వెలువడు తుంపరలే దగ్గరనున్న వానికి వ్యాధిని అంటించును. వ్యాధి అంటిన కొలది దినములలోనే, ఒక్కొక్కప్పుడు ఒక్క దినములోనే, లక్షణములు కనబడును. చికిత్స లేనిచో అది ఇంచుమించు ఎల్లప్పుడు ప్రాణాంతకము. లక్షణములు కనబడిన మొదటి ఇరువదినాలుగు గంటలలో తగిన మందు పడినచో బ్రతుకుటకు మంచి అవకాశము కలదు. ఇప్పుడు ఆ కార్మికుని లెక్కను మరల చూడవలెను. రైలు ప్రయాణమున గడచు ఇరువదినాలుగు గంటలును, మందు పడవలసిన ఇరువదినాలుగు గంటలును ఒక్కటియే! పెట్టెలో అతని చుట్టును కూర్చుండువారు వందమంది. నాడు పొలములోని పాకకు పోవుట యే పని చేసెనో, నేడు క్రిక్కిరిసిన రైలు ఎక్కుట దానికి సరిగా వ్యతిరేకమైన పని చేయును. అడుగు ఒకటియే, ఫలము వేరు. అదృష్టవశమున 1994లో ఇతర నగరములలో వ్యాధి పెద్దగా వ్యాపింపలేదు. కాని అదృష్టమును నమ్ముకొనుట నిర్ణయము కాదు.

అతడు చేయదగినది ఇది. పిల్లవాని నోటికి ముక్కునకు బట్ట అడ్డుగట్టి ఆ రాత్రియే ప్రభుత్వ ఆసుపత్రికి కొనిపోవలెను. ఇంటిలో నెందరున్నారో వైద్యునకు చెప్పి, వారికి గూడ నివారణ ఔషధము అవసరమా యని అడుగవలెను. మూట విప్పవలెనా వద్దా యన్నది మరునాటి సంగతి. దుకాణమున దొరికిన నాలుగు గుళికలు తలకొకటిగా పంచుకొని మింగుట నిష్ప్రయోజనము; నివారణకైనను ఆ మందును సాధారణముగా ఏడు దినములు వాడవలసియుండును. గర్భిణులకును చిన్నపిల్లలకును ఏ మందు తగునో వైద్యుడే చెప్పవలెను.

తన్ను తాను నడపుకొనుట యనగా ఇదియే. నలుగురు పరుగెత్తుచుండగా ఒక్క నిమిషము నిలిచి, కంటితో చూచినదెంత, చెవితో విన్నదెంత యని వేరుచేసికొనుట దీనికి మొదలు. ఇది మొండితనముతో కలియరాదు. "నాకేమియు కాదు" అని తలుపు వేసికొని పండుకొన్నవాడు గూడ భయపడి పరుగెత్తినవానివలెనే నిర్ణయమును తప్పించుకొన్నవాడు. నిర్ణయము చేసినవాడు తన కారణమును ఇంటివారికి నాలుగు మాటలలో చెప్పగలడు. ఏది జరిగినచో తాను మనసు మార్చుకొనునో అదియు చెప్పగలడు. భార్యతో చెప్పలేని కారణము తరచుగా కారణమే కాదు. ఆ దినములలో సూరతు ప్రభుత్వ ఆసుపత్రిలో పనిమానక నిలిచిన వైద్యులును, నర్సులును, చెత్త ఎత్తిన పారిశుధ్య కార్మికులును భయము లేనివారు కారు. వారికి భయముండెను, పనియు నుండెను.

భయము తీరిన పిదప నగరము మరల పూర్వపు స్థితికే జారుట సహజము. ఆరు నెలలు అట్లే గడచెను. 1995 మే నెలలో సూర్యదేవర రామచంద్రరావు అను అధికారి పురపాలక కమీషనరుగా వచ్చెను. ఆయన తెలుగువారగుట ఈ పాఠకులకు సంతోషకరమైన విషయము. కాని ఆయన చేసిన పనిలో ముఖ్యమైనది చీపురు కాదు, సంతకము. అప్పటివరకు చిన్న విషయమునకు గూడ కాగితము పైకి పోయి క్రిందికి రావలసియుండెను. నగరమును ఆరు మండలములుగా విభజించి, ఒక్కొక్క మండలపు అధికారికి అచ్చటి పనులపై నిర్ణయాధికారమును, దానితోపాటు బాధ్యతను గూడ అప్పగించిరి. ఉదయము అధికారులందరును వీధులలో తిరుగవలెను; మధ్యాహ్నము పిదప సమావేశములో కలిసి, చూచినదానిని చెప్పి, చేయవలసినదానిని అప్పుడే తేల్చవలెను. శీతల గదులనుండి నిత్యపు పనులలోనికి రావలెనను ఈ పద్ధతికి "ఏసీ నుండి డీసీకి" అని చమత్కారముగా పేరు పెట్టిరి.

ఏండ్ల తరబడి "పై ఆజ్ఞ రావలెను" అని బదులు చెప్పుటకు అలవాటుపడిన ఉద్యోగికి ఇది సుఖమైన మార్పు కాదు. ఆజ్ఞకై వేచియుండువానికి తప్పు అంటదు, నిర్ణయించువానికి అంటును. కాని ప్రతిదినము చిన్న చిన్న నిర్ణయములు చేసి, మరునాడుదయము వాని ఫలమును తన కండ్లతో వీధిలో చూచుటచేతనే ధైర్యము అలవడును. ఉపన్యాసములు వినుటచే అది రాదు. రాత్రులందు గూడ ప్రధాన వీధులు ఊడ్వబడెను. చెత్త ఏ దినమున కాదినము తొలగింపబడెను. అపరిశుభ్రముగా నున్న భోజనశాలలపై చర్య తీసికొనిరి. అక్రమ కట్టడములను కూల్చునప్పుడు ధనికులవియు మినహాయింపబడలేదు. పేదవారి పేటలలో బాటలు, నీళ్లు, మరుగుదొడ్లు ఏర్పరచిరి. ఎచ్చట ఎందరికి జ్వరము వచ్చినదో ఆసుపత్రులనుండి దినదినము సమాచారము తెప్పించుకొనిరి. ప్లేగు తరువాత రెండేండ్లలోపుననే ఇంటాక్ సంస్థ సూరతును చండీగఢ్ తరువాత దేశమున రెండవ పరిశుభ్ర నగరముగా పేర్కొనెను. రావుగారికి 1998లో పద్మశ్రీ బిరుదము లభించెను.

ఆయన బదిలీయై వెళ్లిన తరువాత గూడ పని నిలువలేదు. నిర్ణయించు అలవాటు ఒక్కని వద్ద ఉండిపోకుండుటయే దీనికి కారణమై యుండును. 2006 ఆగష్టులో తాపీనది పొంగి నగరములో అధిక భాగమును ముంచెను, మరల బురద యెత్తవలసి వచ్చెను. 2020లో స్వచ్ఛ సర్వేక్షణమున సూరతు రెండవ స్థానమును, 2023లో ఇందౌరుతో కలిసి మొదటి స్థానమును పొందెను.

వానకాలమున ఆ నగరపు పేటలలో మలేరియా, డెంగ్యూ, ఎలుక మూత్రము కలిసిన నీటివలన వచ్చు లెప్టోస్పైరోసిస్ నేటికిని కనబడుచుండును. ఇది తెలుగు జిల్లాలకును వర్తించును. జ్వరము వచ్చిన రాత్రి ఆలోచన సాగదు. పగటివేళనే ఇంటివారందరు కూర్చుండి కొన్ని సంగతులు తేల్చుకొనవలెను. ఏ ఆసుపత్రికి పోవలెను, రాత్రివేళ బండి ఎవరిది దొరకును, ఇంటిలో చిన్నపిల్లలను ఎవరు చూచుకొందురు, వారమునకు సరిపడు డబ్బు ఎచ్చట నున్నది. ఈ నాలుగింటిని ఒక కాగితముపై వ్రాసి, చదువవచ్చిన పిల్లవానికి గూడ అందునట్లు తలుపు వెనుక అంటింపవలెను.