ట్రాలు వలలో వృథా యగు చేపలు

పంట నూర్చిన పిమ్మట రైతు విత్తనమునకు కొంత ధాన్యము వేరుగా తీసి దాచును. ఎంత ఇబ్బంది వచ్చినను దానిని ముట్టుటకు మనసొప్పడు. సముద్రమునకు విత్తనపు పాతర లేదు. నీటిలో తిరుగు పిల్లచేపలే రేపటి విత్తనము. ఈ విత్తనము ట్రాలు వలలో పడి ఏటేట ఎట్లు నష్టమగుచున్నదో, దానిని కాపాడు మార్గము లేవో ఈ వ్యాసములో తెలిసికొందము.

ట్రాలు వల పనిచేయు తీరు

ట్రాలు వల గరాటు ఆకారము గల పెద్ద సంచి. మరబోటు దీనిని ఇనుప తాళ్లతో సముద్రపు అడుగున ఈడ్చుకొని పోవును. వలకు ఇరుప్రక్కల రెండు బరువైన పలకలు కట్టియుండును. నీటి తాకిడికి ఈ పలకలు ఎడముగా తొలగి, వల నోటిని తెరచి ఉంచును. దారిలో నున్న జీవులు వల కొసనున్న సంచిలో చేరును.

రొయ్య చిన్నది కనుక రొయ్యల వల సంచికి కన్నులు చిన్నవిగా నుండును. అందువలన రొయ్యలతో పాటు నాలుక చేపలు, పీతలు, నత్తలు, మంచి వెల పలుకు చేపల పిల్లలు కూడ పైకి వచ్చును. ఉష్ణ ప్రాంతపు సముద్రములలో పెక్కుసార్లు రొయ్యల తూకము కంటె కోరకుండ పడిన వాని తూకమే అనేక రెట్లుండును.

బోటులో మంచుకు, సరకు నిలువకు చోటు తక్కువ. కనుక వెల లేని చేపలను తిరిగి నీటిలో పారవేయుదురు. అప్పటికే వానిలో చాల భాగము చచ్చియుండును. లోతు నుండి వేగముగా లాగుటచే కొన్నింటి గాలితిత్తి ఉబ్బి పగులును. కొన్ని సంచిలో నలిగిపోవును. మిగిలినవి బోటుపై ఊపిరాడక చచ్చును.

నష్టమెంత?

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2019లో ప్రకటించిన అంచనా ప్రకారము, 2010 - 2014 సంవత్సరములలో ప్రపంచమంతట సముద్రములో పారవేసిన చేపలు ఏటికి సుమారు 91 లక్షల టన్నులు. ఇందులో 42 లక్షల టన్నుల వరకు అడుగున ఈడ్చు ట్రాలు వలల నుండి వచ్చినవే.

ఒడ్డుకు తెచ్చిన చాలునా?

మన దేశమున నేడు చాల బోట్లు చిన్న చేపలను పారవేయక, చెత్తచేప యను పేరుతో ఒడ్డుకు తెచ్చి అమ్ముచున్నవి. అది చేపపొడిగా మారి, చేపల, రొయ్యల, కోళ్ల మేతలో కలియును. ఏదియు వృథా పోలేదు గదా యని తోచవచ్చును. కాని ఇది విత్తనపు ధాన్యమును పశువులకు మేపుట వంటిది. నేడు గంపల లెక్కన పోవు పిల్లచేపను కొన్ని నెలలు విడిచినచో, పెరిగి మంచి వెల పలుకును. గ్రుడ్లు పెట్టి సంతతిని పెంచును. పైగా చెత్తచేపకు ధర వచ్చుకొలది చిన్న కన్నుల వలలు మానవలెనను తలంపు తగ్గును. చివరకు నష్టపడువారు తెప్పలపై, నావలపై తీరము దగ్గర వేటాడు పేద మత్స్యకారులు. కావున వల పైకి వచ్చిన పిమ్మట చేయు ఉపాయము కంటె, చేప వలలో పడకుండ చేయు ఉపాయమే మేలు.

పాటింపదగిన పద్ధతులు

1. చదరపు కన్నుల సంచి: సాధారణ వల కన్ను ఈడ్చునపుడు సాగి మూసికొనిపోవును. కన్ను పెద్దదైనను పిల్లచేప తప్పించుకొనలేదు. చదరముగా అమర్చిన కన్ను లాగినపుడు కూడ తెరచియే యుండును. పిల్లచేపలు దాని గుండా బయటపడును.

2. తాబేలు తప్పించు చట్రము: తాబేలు గాలి పీల్చుటకు నీటిపైకి రావలెను. వలలో చాలసేపు చిక్కినచో చచ్చును. సంచికి ముందు ఏటవాలుగా కడ్డీల చట్రము అమర్చి, దాని దగ్గర వలకు ద్వారము ఉంచవలెను. రొయ్యలు కడ్డీల సందుల నుండి లోనికి పోవును. తాబేలు ద్వారము గుండా బయటపడును. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక విజ్ఞాన సంస్థ మన బోట్లకు తగిన చట్రమును రూపొందించినది. సముద్రపు తాబేళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షితములు. తాబేళ్ల రక్షణ చాలలేదని అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యల దిగుమతిని నిలిపివేసినది. చట్రము పెట్టని నష్టము ఈ విధముగా మత్స్యకారులకే తగిలినది.

3. ఈడ్పు కాలము: వలను గంటల తరబడి ఈడ్వక త్వరగా పైకి తీసినచో, తిరిగి వదలిన జీవులు బ్రతుకు అవకాశము హెచ్చును.

4. వేళ, చోటు: తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరబోట్ల వేట నిషేధము. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టము, 1994 క్రింద తీరము నుండి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడరాదు. ఈ జాగా తెప్పలకు, నావలకు ఉద్దేశింపబడినది.

రైతులు, గ్రామాధికారులు చేయవలసినది

తీర గ్రామముల అధికారులు ఈ నిబంధనలను నిషేధకాలమునకు ముందే గ్రామసభలో చదివి వినిపించవలెను. చదరపు కన్నుల వలను, చట్రమును బోటు యజమానులకు చూపించి, అనుమానములు తీర్పవలెను. కోళ్లు పెంచు రైతులు దాణాలో చేపపొడికి బదులు సోయా పిండి వంటివి, నిపుణుల సలహాపై, వాడుకొనవచ్చును. చెత్తచేపకు గిరాకి తగ్గినకొలది పిల్లచేపకు ప్రాణరక్షణ కలుగును. ముందు ఏండ్లలో మత్స్యకారుని వలకు మంచి చేప దక్కును.