పాట అదే, అడిగేదెవరు?

కవర్ సాంగ్ బాగుందో లేదో తేల్చుకోవడానికి నేను వాడే కొలత ఒకటే: మాటలు అవే ఉన్నా, ఆ మాటలు అనే మనిషి మారాడా? వేగం సగానికి తగ్గించి, గిటార్‌కి కాస్త ఎకో కలిపి, 'అన్‌ప్లగ్డ్' అని పేరు పెడితే పాట మారదు. నిద్రమత్తులో ఉన్నట్టు వినిపిస్తుంది, అంతే. (హాస్టల్ కారిడార్లలో ఇలాంటివి వారానికి రెండు పుడతాయి, కోపం వద్దు.) నిజంగా మారితే ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన రెండు అమెరికా పాటలు తీసుకుంటాను.

మొదటిది 'రెస్పెక్ట్'. 1965లో ఓటిస్ రెడ్డింగ్ రాసి పాడాడు. అందులో మగాడు డబ్బు తీసుకుని ఇంటికొస్తాడు. మిగతా విషయాల్లో ఎలాగోలా సర్దుకుపోతాడు గానీ, ఇంటికొచ్చాక తన మర్యాద తనకు కావాలంటాడు. మంచి పాటే, బాగానే ఆడింది. 1967లో ఆరెథా ఫ్రాంక్లిన్ దాన్ని అందుకుంది. ఇప్పుడు అడిగేది ఇంట్లో ఉన్న ఆడమనిషి, పైగా డబ్బు ఆమె చేతిలో ఉంది. ఓటిస్ గొంతులో బతిమాలినట్టున్నది ఇక్కడ షరతు అయిపోయింది. పాట పేరులోని ఏడు అక్షరాలనూ ఒక్కొక్కటిగా పలకడం ఓటిస్ రికార్డులో లేదు, ఆరెథా చేర్చిందే. వెనక కోరస్ ఆమె అక్క ఎర్మా, చెల్లెలు కరోలిన్. మధ్యలో కింగ్ కర్టిస్ శాక్సఫోన్ వస్తుంది చూడండి, ఆ భాగం కూడా కొత్తదే, దాని కార్డ్స్ వేరే పాట నుంచి తెచ్చుకున్నారు. పాట అమెరికా పాప్ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. నల్లజాతివారి హక్కుల ఉద్యమం, స్త్రీల ఉద్యమం రెండూ దాన్ని తమ పాట చేసుకున్నాయి. ఆ ఏడాదే మాంటెరీ పాప్ ఫెస్టివల్‌లో ఓటిస్, ఈ పాటను ఒకమ్మాయి తన దగ్గర్నుంచి పట్టుకుపోయిందని స్టేజి మీద సరదాగా అన్నాడు. డిసెంబరులో విమాన ప్రమాదంలో పోయాడు. అప్పటికి 26 ఏళ్ళు.

అయితే రచయితగా పేరు ఓటిస్‌దే. అమెరికాలో రేడియోలో పాట వేస్తే రాయల్టీ రాసినవాళ్ళకు వెళ్తుంది, పాడినవాళ్ళకు రాదు. అంటే ఆరెథాకు రేడియో నుంచి పైసా లేదు. మర్యాద అడిగే పాటకే ఇలా జరగడం నాకు మింగుడుపడదు.

రెండోది 'హర్ట్'. నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్ కోసం ట్రెంట్ రెజ్నర్ 1994లో ఇచ్చిన పాట. తనను తాను పాడుచేసుకుంటున్న కుర్రాడి గొంతు, చెవికి కావాలనే ఇబ్బంది పెట్టే స్వరాలు, చివర్లో పెద్ద రొద. 2002లో జానీ క్యాష్ పాడేనాటికి ఆయన వయసు 70, ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఒక బూతుమాట తీసి ముళ్ళ కిరీటం పెట్టాడు. మాటల్లో చెప్పుకోదగ్గ మార్పు అదే. కానీ 'నేను ఏమైపోయాను' అన్న ప్రశ్న కుర్రాడు అడిగితే భయం, ముసలాయన అడిగితే జీవితం మొత్తానికి లెక్క. పియానో ఒకే స్వరాన్ని కొడుతూ కొడుతూ పెరిగే చోట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. వీడియోలో కనిపించే ఆయన భార్య జూన్ కార్టర్ 2003 మేలో, ఆయన సెప్టెంబరులో పోయారు. ఆ వీడియో చూశాక పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నరే చెప్పాడు.

'హల్లెలూయా' ఏదీ అంటారు, తెలుసు. లెనార్డ్ కోహెన్ 1984లో పాడాడు, జాన్ కేల్ 1991లో చరణాలు ఏరుకుని పాడాడు, జెఫ్ బక్లీ 1994లో కేల్ దాన్ని పట్టుకుని పాడాడు. కవర్‌కి కవర్ అన్నమాట. గొప్పదే, కానీ అందరూ పాడేసి అరగదీశారు.

మనకిది కొత్తేం కాదు. త్యాగరాజ కీర్తనను ఎవరు పాడినా కవర్ అనం, ఎవరి సంగతులు వాళ్ళవి. ఇంకో సౌకర్యం మన వ్యాకరణంలోనే ఉంది. హిందీలో 'నేను వెళ్తున్నాను' అనాలంటే మగవాళ్ళకో రూపం, ఆడవాళ్ళకో రూపం. తెలుగులో 'వెళ్తున్నాను' ఎవరన్నా ఒకటే. మగవాడి విరహగీతాన్ని అమ్మాయి పాడితే 'నేను' పక్కన ఉన్న క్రియ ఒక్కటి కూడా కదలదు. అడ్డొచ్చేవి పిలుపులే: రావే, రారా, పిల్లా, మావా. పిలుపు లేని పాట ఎంచుకుంటే ఒక్క అక్షరం మార్చకుండా మనిషిని మార్చొచ్చు. యూట్యూబ్‌లో ఇన్ని కవర్లున్నా దీన్ని పనిగట్టుకుని వాడుకున్నవి నాకు తక్కువే తగిలాయి.

ఒక్క అక్షరం మార్చకుండా అనడానికి చట్టం కూడా ఒక కారణం. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ ప్రకారం, పాట మొదట రికార్డయిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆగి, ముందస్తు నోటీసు, రాయల్టీ ఇచ్చి కవర్ రికార్డు చేయొచ్చు. కానీ సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప, సాహిత్యంలోనూ సంగీతంలోనూ హక్కుదారులు ఒప్పుకోని మార్పు కుదరదు. ఆరెథా చేసినట్టు చేయాలంటే విడిగా అనుమతి తెచ్చుకోవాలి. 'రావే'ని 'రారా' చేయాలన్నా అడగాలి. 'వెళ్తున్నాను' జోలికి మాత్రం ఎవరూ రారు.