కువైట్ ఎడారిలో నేర్చుకున్నవి

మా రాయచోటి చుట్టుపక్కల కువైట్ ఊసు లేని ఊరు లేదు. నేను అక్కడ ముందు గొర్రెలు కాశాను, తర్వాత పికప్ తోలాను. ఇప్పుడు మా చెల్లెలి కొడుక్కి ఒంటెల దగ్గర పనికి వీసా వచ్చింది. జీతం గురించి, ఎండ గురించి, పనిలో పెట్టుకునే యజమాని, అంటే కఫీల్ గుణం గురించి వాడికి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేల గురించి చెప్పేవాళ్లే లేరు. నేను చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు కాబట్టి అంకెలు వేసి రాయిస్తున్నాను.

1. తారీఖులు చూసి ధైర్యపడొద్దు, అల్లుడూ. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది 1990 ఆగస్టు 2న. 1991 ఫిబ్రవరి చివర్లో వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆరు వందలకు పైగా చమురు బావులకు నిప్పు పెడితే, ఆ మంటలన్నీ నవంబరు మొదట్లోనే ఆరిపోయాయి. పాతిపెట్టిన మందుపాతరలు అలా పోలేదు. సముద్రపు ఒడ్డున, దక్షిణాన సౌదీ సరిహద్దు పొడుగునా పది లక్షలకు మించి పాతారు. వాటికి తోడు అమెరికా, దాని మిత్రదేశాల విమానాలు జల్లిన క్లస్టర్ బాంబుల్లో పేలకుండా మిగిలినవి. దేశాన్ని ముక్కలుగా విడగొట్టి అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఈజిప్టు, టర్కీ, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వాళ్లకు ఏరే పని అప్పగించారు. ఆ ఏరేవాళ్లలోనే ఎనభై మందికి పైగా చనిపోయారు. ఇంత చేశాక కూడా, నేనున్న కాలంలో చలికాలం వానలు పడ్డాయంటే ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి బయటపడేది. ఊళ్లోని కువైటీ కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుని పిల్లాజెల్లాతో గడిపే రోజులు కూడా అవే.

2. ఇసుక ఉన్నచోట ఉండదు. జానెడు లోతున పెట్టినది గాలికి నిలువు లోతున పడొచ్చు, లేదా పైకి తేలొచ్చు. వాన వస్తే వాగులు దాన్ని ఇంకెక్కడికో మోసుకుపోతాయి. పైగా ఇటలీలో చేసిన చిన్న మందుపాతరలకు ఒళ్లంతా ప్లాస్టిక్కే, లోహం వెతికే యంత్రానికి సులువుగా దొరకవు. ఇంకో సంగతి మన కాపరులు గుర్తుపెట్టుకోవాలి. మనిషి కోసం పెట్టినది పసిపిల్లాడి బరువుకే పేలుతుంది. ట్యాంకు కోసం పెట్టినది గొర్రె తొక్కినా, మనిషి తొక్కినా మామూలుగా ఊరుకుంటుంది. మంద మొత్తం క్షేమంగా దాటిపోయిన చోటే, వెనక నీళ్ల ట్యాంకరు వచ్చి పేలిపోవచ్చు. కాబట్టి గొర్రెలు నడిచాయి కదా అని బండి దింపొద్దు.

3. రంగు చూసి వంగొద్దు. అమెరికా క్లస్టర్ బాంబుల్లోని ఒక రకం పిల్లబాంబు పసుపు రంగులో కూల్‌డ్రింక్ డబ్బా అంత ఉంటుంది. ఇంకొన్నిటికి తోకలా తెల్లటి రిబ్బను వేలాడుతుంటుంది. గడ్డివాములో దాచిన నాటుబాంబును బంతి అనుకుని చేతులు పోగొట్టుకున్న పిల్లల కథలు మన సీమలోనూ విన్నాం, నీకు వేరే చెప్పక్కర్లేదు.

మా కఫీల్ కట్టిస్తున్న ఇంటికి మేస్త్రీగా వచ్చిన లెబనాన్ ఆయన ఒకడు ఉండేవాడు. ఆయనది దక్షిణ లెబనాన్‌లో నబతియా దగ్గర పల్లె. 2006లో ఇజ్రాయెల్‌కూ హిజ్బుల్లాకూ 34 రోజులు యుద్ధం జరిగింది. దక్షిణ లెబనాన్ మీద పడిన పిల్లబాంబులు 40 లక్షల దాకా ఉంటాయని ఐక్యరాజ్యసమితి అంచనా. వాటిలో పది లక్షల దాకా పేలలేదు. అన్నిటికంటే నన్ను కలచివేసింది ఇంకొకటి. ఆ క్లస్టర్ దాడుల్లో నూటికి తొంభై జరిగింది చివరి మూడు రోజుల్లోనేనని, అప్పట్లో ఐక్యరాజ్యసమితి సహాయ కార్యక్రమాలు చూసే యాన్ ఎగెలాండ్ చెప్పాడు. అప్పటికి కాల్పులు ఆగబోతున్నాయని అందరికీ తెలుసు! ఆగస్టు 14 పొద్దున కాల్పులు ఆగాయి. ఆగీ ఆగగానే జనం కార్ల మీద పరుపులు కట్టుకుని ఊళ్లకు తిరిగొచ్చారు. ఇళ్ల కప్పుల మీద, ఆలివ్ కొమ్మల సందుల్లో, అరటి ఆకుల మీద, పొగాకు చేలల్లో ఆ బుడ్లు. మేస్త్రీ వాళ్లది పొగాకు సేద్యమే. ఆకు కోతకొచ్చి ఉంది, ఇంటి ఏడాది ఖర్చంతా దాని మీదే. కోయకపోతే అప్పు, కోస్తే ఏమవుతుందో తెలియదు. వాళ్ల నాన్న కోశాడు. చెయ్యి ఉంది, చూపు పోయింది. ఈ మాట చెప్పి ఆయన సిమెంటు కలుపుకోవడానికి లేచి వెళ్లిపోయాడు.

4. తెలియక వెళ్లారని ఎవరన్నా నమ్మొద్దు. నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే. ఎవరైనా పేలి చచ్చిపోతే పేపర్లో 'అవగాహన లేక' అని రాస్తారు. నాకా మాట గిట్టదు. ఎర్ర బోర్డు మీది పుర్రె బొమ్మ చదవడానికి చదువు అక్కర్లేదు. తెలిసే వెళ్తారు, ఎందుకో విను.

చలికాలంలో ఉరుములతో వాన పడితే జనవరి నుంచి మార్చి దాకా ఎడారి నేల పగుళ్లిచ్చి లోపల ఒక రకం పుట్టగొడుగు ఊరుతుంది. కువైట్‌లో ఫగ్గ అంటారు, సిరియా వాళ్లు కమా అంటారు. చూడటానికి మట్టి అంటిన ఉర్లగడ్డలా ఉంటుంది. మాంసంలో వేసి వండితే కువైటీలు లొట్టలేస్తారు. సిరియాలో మంచి రకం కిలో అమ్మితే కూలివాడి ఎన్నో రోజుల కూలి వచ్చినట్టే. మాతో పాటు లారీ తోలిన హమా వైపు అతను చెప్పేవాడు: పికప్‌లో ఆడా మగా పిల్లలు ఎక్కి తెల్లారకముందే పోతారట. ఐసిస్ వాళ్లు పాతిన నేల అదే, సైన్యం పాతిన నేలా అదే. 2023లో ఒక్క ఆ కాలంలోనే మందుపాతరలకూ తుపాకులకూ కలిపి ఎన్నో పదుల మంది పోయారు. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లారు. వెళ్లక ఏం చేస్తారు?

బసరా తూర్పున, ఇరాన్ సరిహద్దు వైపు జుర్ఫ్ అల్ మిల్హ్ అని ఒక ఊరు. 1980ల ఇరాన్-ఇరాక్ యుద్ధంలో పాతినవి అక్కడ ఇంకా ఉన్నాయి. చుట్టుపక్కలవాళ్లు దాన్ని కాళ్లూ చేతులూ తెగినవాళ్ల ఊరనే పిలుస్తారు. అక్కడివాళ్లు పోయేది పశువులు మేపుకోవడానికీ, పాత ఇనుమూ రాగీ ఏరి అమ్ముకోవడానికీ. 2024 డిసెంబరులో అసద్ ప్రభుత్వం పడిపోయాక సిరియా వాళ్లు లక్షల మంది ఇళ్లకు తిరిగెళ్లారు, తర్వాతి నెలల్లో వందల మంది సొంత వాకిట్లో, సొంత చేలో పేలి పోయారు. కారులో తారు రోడ్డు మీద పోయేవాడికి మందుపాతర లేదు. రోడ్డు దిగితే తప్ప పూట గడవనివాడికే ఉంది. దిగొద్దని బోర్డు పెట్టడం సులువు. దిగకుండా బతికే దారి చూపించాలి, లేదా వాళ్లు దిగే నేలనే ముందు ఏరాలి. చమురు పైపుల పక్క నేల ముందు ఏరి, మేత బీళ్లను తర్వాత చూద్దామనుకునే చోట ఈ చావులు ఆగవు.

5. పాతినవాడు పటం ఇస్తాడని కూర్చోవద్దు. అల్జీరియాను ఏలినప్పుడు ఫ్రెంచి సైన్యం ట్యునీసియా, మొరాకో సరిహద్దుల్లో 1956 తర్వాత లక్షల కొద్దీ పాతింది. దేశానికి 1962లో స్వాతంత్ర్యం వచ్చింది. పటాలు ఇచ్చింది 2007లో. ఈజిప్టులో ఎల్ అలమైన్ దగ్గర 1942లో జర్మన్లూ బ్రిటిష్ వాళ్లూ పాతినవి ఇప్పటికీ అక్కడి బెదూయిన్ల కాళ్ల కిందే ఉన్నాయి. ఆ యుద్ధంలో మన భారతీయ సిపాయిలు కూడా పోరాడారు, అక్కడి సమాధుల్లో వాళ్లవీ ఉన్నాయి.

6. కాలు తెగితే ఖర్చు ఆసుపత్రితో తీరదు. ఎదిగే పిల్లవాడికి ఆరు నెలలకోసారి కొత్త కాలు కావాలి. తెగినచోట ఎముక పెరిగి చర్మాన్ని పొడుచుకొస్తే మళ్లీ కొయ్యాలి. ఆడపిల్లయితే పెళ్లి మాట ఆగుతుంది, అక్కడా ఇక్కడా అంతే. ఇంటి పెద్దకైతే మంద అమ్మేస్తారు. కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం చేసిన కాళ్లు అక్కడివాళ్లకు పనికిరావు, నేల మీద కూర్చుని తింటారు, ఐదుపూటలా మోకరిల్లుతారు. అందుకే నేల మీద కూర్చోనిచ్చే మన జైపూర్ కాలు అంటే అక్కడ గౌరవం. 2020లో డమాస్కస్‌లో మనవాళ్లు శిబిరం పెట్టి వందల మందికి అమర్చారు. మంచిపనే. కానీ 1997లో కుదిరిన మందుపాతరల నిషేధ ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదన్నది కూడా నీకు తెలిసుండాలి. అమెరికా, రష్యా, చైనా చేయలేదు, ఈజిప్టు, సిరియా కూడా. కువైట్, ఇరాక్ 2007లో చేరాయి, దెబ్బలు తిన్నాక.

7. ఇక నువ్వు చేయాల్సినవి. పాత టైరు జాడ వదలొద్దు. తెలియనిది కనబడితే రాయి విసరొద్దు, కర్రతో కదపొద్దు, ఫోటో కోసం దగ్గరికి పోవద్దు. ఉన్నచోటే ఆగు, వచ్చిన అడుగుల మీదే వెనక్కి రా, 112కి ఫోన్ చెయ్యి. ఒంటె అటు పోతే పోనీ, దాని ఖరీదు జీతంలో కోసుకుంటే కోసుకోనీ. కఫీల్ మందను కొత్త దిక్కుకు తోలమంటే, అక్కడ ఇదివరకు ఎవరు మేపారో అడుగు. ఎవరూ మేపలేదంటే, మేత అంత బాగున్నా ఎందుకు మేపలేదో అడుగు.