డిప్రెషన్ మాత్రలు, సి.బి.డి. నూనె: రెండూ కలిపి వాడవచ్చా?

మన హొసూరు, బాగేపల్లి, చింతామణి వైపు ఇళ్ళలో డిప్రెషన్ మాత్రలు ఇప్పుడు కొత్త సంగతి కాదు. షుగర్ మాత్రలు, బీ.పీ. మాత్రలు ఉన్న డబ్బాలోనే అవీ ఉంటాయి. కొందరు బెంగుళూరు నిమ్‌హాన్స్‌కు వెళ్ళి రాయించుకున్నారు, కొందరు దగ్గరి ఆసుపత్రిలోనే తీసుకుంటున్నారు. కొన్నేళ్ళుగా వాటి పక్కన ఒక చిన్న డ్రాపర్ సీసా కూడా కనిపిస్తోంది. బెంగుళూరులో ఉద్యోగం చేసే కొడుకు తెప్పించి ఉంటాడు. మీద సి.బి.డి. అనో, విజయా అనో రాసి ఉంటుంది. "హకీం సాబ్, ఇది మూలికే కదా, అమ్మీ వేసుకునే మాత్రలతో పాటు ఇస్తే ఏమవుతుంది?" అని అడుగుతారు.

"మూలికే కదా" అనే మాట దగ్గరే మనం ఆగాలి. ఈ నూనె వచ్చేది గంజాయి మొక్క నుంచి. మన తిబ్బులో దాని పేరు ఖిన్నబ్. ఆకును భంగ్ అంటాం, వరఖుల్ ఖయాల్ అని కూడా అంటాం, అంటే ఊహల ఆకు. పాత హకీములు దీన్ని మొద్దుబార్చే మందుల్లో, నిద్ర తెచ్చే మందుల్లో చేర్చారు, ఎప్పుడూ జాగ్రత్త చెప్పే ఇచ్చారు. ఈనాటి చట్టం కూడా యూనానీలో భంగ్‌ను విషద్రవ్యాల షెడ్యూలులోనే ఉంచింది. అది కలిసిన మందు మీద వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలని రాయాలి. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం నిషేధించింది మొక్క కొనల్లోని పూతను, బంకను. పూత కలవని ఆకును, గింజను వదిలిపెట్టింది. ఆయుష్ లైసెన్సు మీద ఈ సీసాలు అమ్మగలుగుతున్నది అందుకే. లైసెన్సు ఉన్నంత మాత్రాన మీ ఇంట్లో ఉన్న మాత్రతో అది సర్దుకుపోతుందని అర్థం కాదు. ఇది హలాలా హరామా అన్నది ఆలిమ్‌లను అడగండి. నేను చెప్పేది మందు సంగతి.

మత్తు ఎక్కించేది టి.హెచ్.సి. అనే పదార్థం. సి.బి.డి. మత్తు ఎక్కించదు, అది నిజమే. కాని అది జిగర్ మీద పనిచేస్తుంది. జిగర్‌ను మనవాళ్ళు ముఖ్యమైన అవయవాల్లో లెక్కపెట్టారు, అల్లోపతివారు కూడా అక్కడే చూస్తారు. మనం మింగిన మాత్రలో ఎక్కువ భాగాన్ని విరగ్గొట్టి బయటకు పంపేది జిగర్‌లోని కొన్ని ఎంజైములు. మన చెరువును తలచుకోండి. రోజూ ఇంత నీరు వస్తుంది, తూము గుండా ఇంత పోతుంది, మట్టం ఒకచోట నిలుస్తుంది. డాక్టరు మాత్ర మోతాదు రాసేది ఆ లెక్క మీదనే. సి.బి.డి. తూముకు అడ్డం పడుతుంది. మాత్ర మాత్రం రోజూ వస్తూనే ఉంటుంది. మట్టం పెరుగుతుంది. మీరు పది మిల్లీగ్రాములు మింగుతున్నా, రక్తంలో అంతకంటే పెద్ద మాత్ర మింగినట్టు ఉంటుంది.

సి.బి.డి. గట్టిగా అడ్డుపడే తూముల్లో ఒకటి సి.వై.పి. 2సి19 అనే ఎంజైము. ఎస్సిటలోప్రాం, సిటలోప్రాం, సెర్ట్రాలిన్, పాతకాలపు అమిట్రిప్టిలిన్ చాలావరకు దాని గుండానే పోతాయి. ఆస్ట్రేలియాలో ఆందోళన జబ్బు ఉన్న కొద్దిమంది యువకులకు సిటలోప్రాం జాతి మాత్రతో పాటు సి.బి.డి. ఇచ్చి చూశారు. రక్తంలో మాత్ర మట్టం పెరిగింది. 2021లో ఆ ఫలితం అచ్చయింది. వాళ్ళకు ఇచ్చినది రోజుకు కొన్ని వందల మిల్లీగ్రాములు, అదీ చెప్పాలి.

ఇక్కడ మన దక్షిణాదివారు ప్రత్యేకంగా గమనించవలసిన మాట ఉంది. పుట్టుకతోనే ఈ తూము సన్నగా ఉన్నవారు కొందరుంటారు. యూరపువారిలో అలాంటివారు నూటికి కొద్దిమందే, దక్షిణ భారతదేశంలో పదిమందికి ఒకరి పైన. బయటికి ఏ గుర్తూ ఉండదు. "పక్కింటివాళ్ళు వాడారు, వాళ్ళకేమీ కాలేదు" అనే సాక్ష్యం అందుకే పనికిరాదు.

మట్టం పెరిగితే ఏమవుతుంది? మొదట నిద్రమత్తు, కళ్ళు తిరగడం, వికారం, చేతులు వణకడం, చెమట. అరవై దాటిన అమ్మీ రాత్రి లేచి గుసుల్‌ఖానాకు వెళ్తూ పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ పడడానికి కారణం నూనె అని ఎవరికీ తోచదు. దీనికంటే పెద్దది గుండె లయ. సిటలోప్రాం మట్టం ఎక్కువైతే గుండె కొట్టుకునే వరుస తప్పవచ్చు. ఆ కారణంతోనే అమెరికా ఔషధ సంస్థ 2012లో అరవై దాటినవారికీ, 2సి19 నెమ్మదిగా ఉన్నవారికీ, దానికి అడ్డుపడే మందు వాడేవారికీ రోజుకు 20 మిల్లీగ్రాములు దాటవద్దని చెప్పింది. మన అమ్మీలకు వయసు ఒకటి, నూనె రెండు, పుట్టుక గుణం మూడోది కావచ్చు.

నిమ్‌హాన్స్ నుంచి వచ్చే చీటీల్లో వాల్‌ప్రోయేట్ కూడా తరచు ఉంటుంది. మనసు ఒకసారి ఎగిరి, ఒకసారి కుంగే జబ్బుకు, మూర్ఛకు ఇస్తారు. దీనితో సి.బి.డి. కలిస్తే జిగర్‌కే దెబ్బ. మూర్ఛ పిల్లల కోసం 2018లో అమెరికాలో అనుమతి పొందిన శుద్ధమైన సి.బి.డి. మందు మీదనే ఈ హెచ్చరిక ఉంది. దాన్ని ఇచ్చేముందు, ఇస్తున్నప్పుడు లివర్ పరీక్షలు చేయిస్తారు. మన ఇంట్లో సీసాకు ఎవరు చేయిస్తున్నారు?

మోతాదు సంగతి. ముప్ఫై మిల్లీలీటర్ల సీసా మీద 1000 మిల్లీగ్రాములు అని ఉంటే, మిల్లీలీటరుకు సుమారు 33. మిల్లీలీటరుకు ఇరవై చుక్కలనుకుంటే చుక్కకు ఒకటిన్నర పైన. రెండు చుక్కలతో పెద్ద ప్రమాదం రాదని మీరు అనవచ్చు, చాలామందికి రాకపోవచ్చు కూడా. కాని చుక్కలు రెండు దగ్గర ఆగవు, నిద్ర పట్టలేదని డ్రాపర్ నిండుతుంది. పైగా కొవ్వు ఎక్కువున్న భోజనంతో తీసుకుంటే సి.బి.డి. నాలుగైదు రెట్లు ఎక్కువగా రక్తంలోకి ఎక్కుతుంది. పరగడుపున ఏమీ చేయని చుక్కలు దావత్‌లో బిర్యానీ తిన్న రాత్రి వేరుగా పనిచేస్తాయి. చీటీ మీది అంకెనూ పూర్తిగా నమ్మలేం. అమెరికాలో అమ్మే 84 సి.బి.డి. సరుకులను పరీక్షిస్తే, 2017 లెక్క ప్రకారం, సరైన అంకె ఉన్నవి మూడోవంతు కూడా లేవు. 18 వాటిలో టి.హెచ్.సి. కూడా దొరికింది. ఇంకొకటి: వంటకు అమ్మే హెంప్ గింజల నూనె వేరు, అందులో సి.బి.డి. దాదాపు ఉండదు. సీసా చీటీ చదవనిదే కంగారు పడకండి, ధీమాగానూ ఉండకండి.

పరాయివాళ్ళ నూనె గురించి ఇంత చెప్పి మన దవాఖానా గురించి చెప్పకపోతే న్యాయం కాదు. అస్రోల్, అంటే సర్పగంధ, నిద్రకూ బీ.పీ.కీ మనవాళ్ళు ఎంతో మెచ్చిన వేరు. హకీం అజ్మల్ ఖాన్ దాని మీద శ్రద్ధ పెట్టించారు. 1931లో ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ దాని నుంచి తీసిన పదార్థానికి ఆయన పేరు మీదనే అజ్మలిన్ అని పెట్టారు. అదే వేరులో రిసర్పిన్ ఉంది. మెదడులో సెరటోనిన్ నిల్వను అది ఖాళీ చేస్తుంది. డిప్రెషన్ మాత్ర చేసేది దానికి సరిగ్గా ఎదురు పని. పెద్ద మోతాదు వాడినవారు కొందరు కుంగిపోయారని 1950లలోనే డాక్టర్లు రాశారు. మాలిఖోలియా ఉన్న మనిషికి "నిద్ర పట్టడానికి" అని అస్రోల్ కలిసిన గోలీ ఇవ్వకండి. అడగకుండా ఇచ్చే హకీం దగ్గరకు వెళ్ళకండి.

ఇప్పటికే రెండూ కలిపి వాడుతున్నవారు ఏం చేయాలి? మాత్రను మాత్రం ఒక్కసారిగా ఆపకండి. మాత్ర ఆపి నూనె పట్టుకున్న ఇళ్ళే ఎక్కువ కష్టం తెచ్చుకుంటాయి. హఠాత్తుగా ఆపితే తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు జల్లుమనడం, చిరాకు వస్తాయి, తర్వాత పాత జబ్బు తిరగబెట్టవచ్చు. డిప్రెషన్‌కు ఆ మాత్రల బదులు సి.బి.డి. చాలునని ఎక్కడా రుజువు కాలేదు. నూనె ఇవ్వడం ఆపి, సీసాను, మాత్రల చీటీని ఒకే సంచిలో పెట్టుకుని రాసిన డాక్టరు దగ్గరకు వెళ్ళండి. చాలాకాలంగా నూనె వాడి ఉంటే అదీ చెప్పండి, ఎందుకంటే నూనె ఆగితే మాత్ర మట్టం దిగుతుంది, ఆయన లెక్క మళ్ళీ చూసుకోవాలి. చాలామంది అల్లోపతి డాక్టరుకు యూనానీ మందు సంగతి, హకీముకు మాత్రల సంగతి దాచిపెడతారు. తిడతారని భయం. తిట్టనివ్వండి.

స్పృహ తప్పినా, గుండె దడ ఆగకపోయినా, జ్వరంతో ఒళ్ళు బిగిసి అయోమయంగా మాట్లాడినా, కళ్ళు పచ్చబడినా పొద్దున్నదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఇంట్లో ఎవరైనా అంటే మనిషిని ఒంటరిగా వదలకండి. అలాంటప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన టెలి మానస్ ఉంది, 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.