తిరిగి తిరిగి ఒకటిన్నర అంగుళానికి

మా నాయన బడిపంతులు. ఊరి నుంచి బడి తొమ్మిది కిలోమీటర్లు. సగం తారు, సగం బండ్ల బాట. ఆయన నల్ల సైకిలు టైరు మీద 28 × 1½ అని ఉబ్బెత్తు అక్షరాలుండేవి. నేను రిటైరయ్యాక సైకిలు పట్టి పదకొండేళ్ళయింది. లంగర్‌హౌజ్‌లో బయల్దేరి మొయినాబాదు, చేవెళ్ళ దారిలో మర్రిచెట్ల కింద కొంత తారు, ఆ తర్వాత చెరువు కట్టలు, మొరం బాటలు. ఓపికున్న రోజు అనంతగిరి అడవి దాకా. ఈ పదకొండేళ్ళలో మూడు సైకిళ్ళు మారాయి. మొదటిదానికి 25 మిల్లీమీటర్ల సన్న టైర్లు, రెండోదానికి 2.1 అంగుళాల గుబ్బల టైర్లు, ఇప్పటిదానికి 38 మిల్లీమీటర్లవి. ఒకటిన్నర అంగుళమంటే లెక్కకు 38 మిల్లీమీటర్లే. నాయన ఉంటే నవ్వేవాడు.

1. టైరు కొనేముందు ఒక నెల డైరీ రాయండి. ఏ రోజు ఎంత తారు, ఎంత మట్టి అని. నేను రాస్తే నూటికి ఎనభై పాళ్ళు తారే తేలింది. ఫొటోలు మాత్రం అన్నీ మట్టి బాట మీద దిగినవే. వాటిని చూసి చూసి నేనెప్పుడూ అడవిలోనే తిరుగుతున్నానని నాకే నమ్మకం కుదిరింది. గుబ్బల టైర్లు కొన్నది ఆ నమ్మకంతోనే.

2. గుబ్బల టైరు చూడ్డానికి పులిలా ఉంటుంది. తారెక్కితే గుయ్‌మని ఒకటే రొద. ఆ రొద ఊరికే రాదు. నేలకు ఆనినప్పుడల్లా ప్రతి గుబ్బా వంగి లేస్తుంది, ఆ వంగడానికి మన పిక్కల బలమే ఖర్చవుతుంది. మలుపులో ఇంకా తంటా. సైకిలు ఒరిగేసరికి పక్క గుబ్బలు కదిలి, టైరు కింద ఏదో జారుతున్నట్టుంటుంది. మొయినాబాదు దగ్గర ఓ మలుపులో నిజంగానే జారింది. మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది.

'వానలో గుబ్బలే కదా పట్టుకునేవి' అంటారు మా బృందంలో కుర్రాళ్ళు. కారు సంగతి వేరు. దాని టైరు వెడల్పు, కింద నీళ్ళు చిక్కుకుంటాయి, అవి పోవడానికి గాడులు కావాలి. సైకిలు టైరు గుండ్రం, సన్నం. నేలను తాకేది రెండు బొటనవేళ్ళ మేర. మనం తొక్కే వేగానికి అది నీళ్ళ మీద తేలడమన్నది జరగదు. తడి తారు మీద పట్టు రబ్బరుది, దాని మీది గీతలది కాదు. రోడ్డు మీద వేసిన తెల్ల రంగు, మ్యాన్‌హోల్ మూత తడిసి ఉంటే ఎంత ఖరీదైన టైరైనా జారుతుంది. గుబ్బలు పనికొచ్చేది నేల మెత్తగా ఉండి, అవి దిగబడే చోటే. అందుకే నా ఎంపిక నడుమ నున్నగా ఉండి, అంచుల్లో మాత్రం చిన్న చిన్న గుబ్బలున్నది. తారు మీద నిటారుగా పోతున్నంతసేపూ ఆ అంచులు నేలను తాకనే తాకవు. మొరం మీద కాస్త దిగబడితే అవి పనిలోకి దిగుతాయి.

3. అంగుళాలను నమ్మకండి. నాయన మీది మమకారంతో ఒకసారి పాత బజారులో 28 × 1½ టైరు తెచ్చి నా కొత్త సైకిలుకు ఎక్కించాను. పనిముట్టు లేకుండా వట్టి చేతులతో ఎక్కేసింది. అప్పుడే అనుమానం రావాల్సింది. గాలి కొడుతుంటే ఒక పక్క టైరు రిమ్ము దాటింది, ట్యూబు బుడగలా బయటికొచ్చి ఢామ్మంది. పక్కింటి వాళ్ళు సిలిండరనుకుని పరిగెత్తుకొచ్చారు. సంగతేమిటంటే నాయన సైకిలు రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు. నేటి 700సీ అనే సైకిళ్ళది 622. రెంటినీ 28 అనే పిలుస్తారు. 29 అంగుళాలని అమ్మే కొండ సైకిళ్ళదీ 622 కావడం ఇంకో విడ్డూరం. 26లో కూడా 559, 590 అని వేరువేరున్నాయి. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 38-622 లాంటి జంట అంకె ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది ఈ వ్యాసం. దుకాణంలో ఆ రెండో అంకె చెప్పి అడగండి.

4. టైరుకీ ఫోర్కుకీ మధ్య పెన్సిల్ దూరేంత సందుండాలి. వెనక, బ్రేకుల దగ్గర, మడ్‌గార్డు కింద కూడా. గాలి నిండాక టైరు మీద రాసినదానికన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు లావెక్కవచ్చు.

5. ఇక గాలి. మంచి టైరు కొని గాలి సంగతి పట్టించుకోకపోతే, పట్టుచీర కొని ఉండ చుట్టి పెట్టెలో పడేసినట్టే. పంచరు షాపతను బొటనవేలితో నొక్కి "రాయిలా ఉంది సార్" అంటే మురిసిపోయేవాణ్ణి. గట్టి టైరు వేగంగా పోతుందన్న మాట నున్నటి నేల మీద కొంతవరకు నిజం. మన రోడ్ల మీద రాయిలాంటి టైరు ప్రతి గుంటకీ సైకిలునూ మనిషినీ కలిపి పైకెగరేస్తుంది. అలా ఎగరేయడానికి కావలసిన బలం ఎక్కడిది? మళ్ళీ మన పిక్కలదే. కాస్త మెత్తటి టైరు ఆ గుంటను తనలోకే మింగేస్తుంది.

టైరు పక్కన రాసేది గరిష్ఠం. అంత కొట్టమని కాదు. అమెరికాలో ఫ్రాంక్ బెర్టో అనే ఆయన టైర్లను కొలిచి కొలిచి, మనిషి ఎక్కినప్పుడు టైరు ఎత్తులో సుమారు 15 శాతం కుంగితే బాగుంటుందన్నాడు. ఇంట్లోనే చూడొచ్చు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, ఇంకొకరు రిమ్ము అంచు నేలకు ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో కొలవాలి. మీరు దిగాక మళ్ళీ కొలవాలి. 38 టైరుకు ఆ తేడా ఐదారు మిల్లీమీటర్లు రావాలి. మా ఇంట్లో స్కేలు పట్టుకునే పని మా ఆవిడది. "అరవై తొమ్మిదేళ్ళకు ఈ లెక్కలేంటండీ" అంటూనే అర మిల్లీమీటరు కూడా వదలదు. నా బరువు 74 కిలోలు. ముందు టైరులో 38 పీఎస్ఐ, వెనక 48 తేలింది. మొరం మీద ఎక్కువసేపుండే రోజు రెంటిలోనూ ఐదు తగ్గిస్తాను. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ నడుమ నలిగి, పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. పాముకాటు అంటారు దాన్ని. అది కనబడితే గాలి తక్కువైందని అర్థం. డబ్బు ఒక్కదానికే ఉంటే, ఖరీదైన టైరు మాని, గాలి ఎంతుందో చూపే గేజీ ఉన్న పంపు కొనండి.

6. ముళ్ళ విషయంలో టైరు ఒక్కటే ఏమీ చేయలేదు. పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. మట్టి బాటల్లో సర్కారు తుమ్మ ముళ్ళు సరేసరి. ఓ ఉదయం గంటలో రెండు ట్యూబులు పోగొట్టుకున్నాను, పాత ముల్లు టైరులోనే ఉందని చూసుకోక. ట్యూబు మార్చేముందు టైరు లోపల దూదితో తుడవండి. ముల్లున్న చోట పోగు చిక్కుకుంటుంది, వేలు తెగదు. ట్యూబ్‌లెస్ వేసి లోపల సీలెంటు ద్రవం పోస్తే చిన్న ముళ్ళ రంధ్రాలు వాటంతటవే పూడతాయి, నిజమే. మన ఎండలకు ఆ ద్రవం ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలి. వారం వారం ముళ్ళ బాట పట్టేవారికి అది మేలు. నాకు మాత్రం నడుమ పంచరు పట్టీ ఉన్న టైరు, మామూలు ట్యూబు, జేబులో ప్యాచీలు చాలు.

7. వెనక టైరే త్వరగా అరుగుతుంది, ఎక్కువ బరువు దాని మీదే. అరిగిందని కొత్తది తెచ్చి వెనకే వేయకండి. ముందున్నది వెనక్కి మార్చి, కొత్తది ముందు వేయండి. వెనక చక్రం జారితే తమాయించుకోవచ్చు, ముందుది జారితే పడ్డాకే తెలుస్తుంది.

8. వాన వెలిశాక నల్లరేగడి బాటకు ఏ టైరూ లేదు. పది గజాలు పోయేలోపు మన్ను చక్రానికి చుట్టుకుని, ఫోర్కులో నిండి, సైకిలు నిలబడిపోతుంది. గుబ్బలుంటే ఇంకా ఎక్కువ మన్ను మోస్తాయి. పుల్లతో గీకడం, భుజానికెత్తుకోవడం, అంతే. వానాకాలంలో నాయన సైకిలును తారు రోడ్డు పక్క టీకొట్టులో పెట్టి, పంచె ఎగగట్టి, చెప్పులు చేత పట్టుకుని బడికి నడిచేవాడు.