అవ్వ శబ్దము: మూలార్థ విచారము

"అవ్వ" శబ్దమునకు రాయలసీమలో తల్లికి గాని తండ్రికి గాని తల్లి యని అర్థము. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో అదే శబ్దమునకు తల్లి యని వాడుక. ఈ రెండవ వాడుకను గ్రామ్యమని త్రోసిపుచ్చుట కలదు. ఆ తీర్పు పరీక్షకు నిలుచునా యన్నది విచార్యాంశము.

బంధువాచకముల పూర్వరూప నిర్ణయమున మొదటి ప్రమాదము ధ్వనిసామ్యము. పాణినీయమున 7-3-107 సూత్రము అంబార్థక శబ్దములకు సంబోధనమున హ్రస్వమును విధించును. వ్యాఖ్యాతలు అంబాశబ్దముతోపాటు అక్కా, అల్లా శబ్దములను ఉదాహరించిరి. అచట అక్కా యనగా తల్లి. తెలుగున అక్క యనగా జ్యేష్ఠభగిని. కాకసస్ పర్వతప్రాంతమున కార్త్వేలీ కుటుంబమునకు చెందిన జార్జియన్ భాషలో "మామ" యనగా తండ్రి, "దెద" యనగా తల్లి. శిశువుల తొలిపలుకులనుండి ఏర్పడిన యిట్టి పదములు ఎచ్చటనైనను పుట్టవచ్చును. కావున వీనియందు రూపసామ్యము ఒక్కటియే చాలదు.

తమ్ముడు శబ్దము ఇందుకు భిన్నము. తమిళమున తంబి, కన్నడమున తమ్మ, గోండీలో తమ్ముర్ రూపములు కలవు. ప్రాచీన తమిళమున ఎంబి (నా తమ్ముడు), ఉంబి (నీ తమ్ముడు) అనునవియు కలవు. వీనితో పోల్చిచూడగా తంబిలోని "తం" అనునది "తమ" యను సర్వనామమేయని తేలుచున్నది. తెలుగున ఆ యర్థము మరుగుపడుటచేతనే "నా తమ్ముడు" అనుట పొసగినది. ఇట్టి నిర్మాణసామ్యము యాదృచ్ఛికము కానేరదు.

అవ్వకు అట్టి అంతర్నిర్మాణము లేదు. కనుక అర్థము ఏయే భాషలలో ఎట్లున్నదో చూడవలెను. తెలంగాణమున చిన్నవ్వ యనగా పినతల్లి, పెద్దవ్వ యనగా పెత్తల్లి. వివాహిత పుట్టినిల్లు అవ్వగారిల్లు. ఈ సమాసములన్నిట తల్లి యను అర్థమే అన్వయించును. కన్నడమున అవ్వ, గోండీలో అవ్వల్ తల్లికే వాచకములు. తమిళ ఔవై శబ్దమునకు తల్లి, వృద్ధస్త్రీ యను రెండర్థములును కలవు. బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, పరిష్కృత ముద్రణము 1984) వీనిని ఒకచోట చేర్చినది.

మహబూబ్‌నగర్ సీమ కన్నడదేశమునకు సరిహద్దు గావున ఈ యర్థము అచటినుండి వచ్చెనని శంకింపవచ్చును. కాని ఉత్తరమున ఆదిలాబాదు గోండులకు కన్నడ సామీప్యము లేదు. పైగా గోండీ, తెలుగులు దక్షిణమధ్య ద్రావిడశాఖకును, కన్నడ తమిళములు దక్షిణశాఖకును చెందినవి. రెండు శాఖలందును నిలిచిన అర్థము అవి విడివడుటకు పూర్వమే యుండెననుట సమంజసము. ఇక తండ్రి తన తల్లిని అవ్వ యని పిలువగా విని బిడ్డలును అట్లే పిలుచుట ఉమ్మడి కుటుంబమున సహజము. అవ్వకు ముసలితల్లి యను అర్థము ఇట్లు వచ్చియుండవచ్చును.

కావున నక్షత్రచిహ్నముతో *అవ్వ యని వ్రాసి, తల్లి యను అర్థము నిచ్చుట యుక్తము. అయితే తమ్ముడు విషయమున నిర్ణయము సిద్ధము; అవ్వ విషయమున అది సంభావ్యము మాత్రమే. ఈ తారతమ్యమును మరువరాదు.

గ్రామ్యమనబడిన వాడుకయే ఇచట సాక్ష్యమైనది. పాఠశాలలో అవ్వను కొట్టివేసి అమ్మ యని దిద్దునపుడు ఈ సాక్ష్యము ఒక తరముతో సన్నగిల్లును. విద్యార్థి ఇంటిమాటను దోషమని గుర్తించుటకు ముందు, సోదరభాషలలో అది ఎట్లున్నదో ఆచార్యుడు విచారింపవలెను.