ఉమ్మడి చేను

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములలో పత్తియు మిరపయు ముఖ్యమైన పంటలు. ఈ రెండింటికిని ఒక లక్షణము కలదు. వరిచేను ఒకసారి కోసినచో కోత ముగియును. పత్తి అట్టిది కాదు. కాయలన్నియు ఒక్కనాడే పగులవు. పగిలినవానినుండి దూదిని తీసి, కొన్ని దినములు వేచి, మరల చేనిలోనికి పోవలయును. మిరపపండ్ల కోతయు అంతే. మొదటి కోతనాడు చేను ఎర్రగా పండి కన్నులకు పండువుగా నుండును. కూలిజనము గుంపులుగా వత్తురు. కడపటి కోతనాటికి ఎండ ముదురును, కాయ తగ్గును, చేతులు మండును. ఆనాడు కూడ చేనిలోనికి పోవు రైతే పంట మొత్తమును కల్లమునకు చేర్చుకొనగలడు.

స్వచ్ఛందసేవయు ఇట్టిదే. మొదటినాడు ఉత్సాహముతో వచ్చువారు పెక్కురు. ఏడాది గడచిన పిమ్మట నిలిచియుండువారు కొందరు. జీతము లేదు, పిలిచి అడుగు యజమాని లేడు, మానుకొన్నచో శిక్షయు లేదు. అట్టి పనిలో మనుష్యులు నిలిచియుండుటకు కారణమేమి? విడిచి పోవుటకు కారణమేమి? ఈ ప్రశ్న నేడు ప్రపంచమంతట కంప్యూటరుల ముందు కూర్చుండి జీతము లేక పనిచేయు వేలాది జనులకు ఎదురగుచున్నది. నూరేండ్ల క్రిందట ఈ మైదానముననే, చీరాలలోను వేటపాలెములోను, ఇదే ప్రశ్న వేరొక రూపమున ఎదురయ్యెను.

ముందుగా నేటి సంగతిని చూడవలయును. కంప్యూటరు ఏ పని చేయవలెనన్నను అందుకు తగిన ఆజ్ఞలను వ్రాసి ఉంచవలయును. అట్టి ఆజ్ఞల సముదాయమునకే ప్రోగ్రాము అని పేరు. పెక్కు కంపెనీలు తమ ప్రోగ్రాముల మూలపాఠమును రహస్యముగా దాచుకొనును. ఇందుకు భిన్నముగా మూలపాఠమును అందరి యెదుట నుంచి, దానిని చదువుటకు, సవరించుటకు, పదిమందికి పంచుటకు అనుమతి నిచ్చు పద్ధతి యొకటి కలదు. దానినే ఓపెన్ సోర్సు అందురు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను నతడు ‘గ్నూ’ అను ప్రణాళికను ప్రకటించి ఈ స్వేచ్ఛకు బాట వేసెను. 1991లో ఫిన్లాండు దేశమున, హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ ‘లినక్సు’ అను దానిని ప్రారంభించి, తోడు రమ్మని లోకమును పిలిచెను. నేడు ఆండ్రాయిడ్ ఫోనుల అడుగున పనిచేయుచున్నది లినక్సే. దీనికై కంపెనీలనుండి జీతము పొంది పనిచేయువారును ఇప్పుడు పెక్కురు కలరు. కాని ఓపెన్ సోర్సు లోకమున చిన్నవి, పెద్దవి అయిన ప్రోగ్రాములు ఎన్నియో నేటికిని తీరిక వేళలలో పనిచేయు సేవకుల మీదనే ఆధారపడియున్నవి.

ఈ పద్ధతి ప్రోగ్రాములతో ఆగలేదు. 2001 జనవరి 15వ తేదీన వికీపీడియా అను విజ్ఞానసర్వస్వము ఇంటర్నెట్టులో వెలసెను. అందు ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. 2003 డిసెంబరు 10వ తేదీన వెన్న నాగార్జునగారి చొరవతో తెలుగు వికీపీడియా ప్రారంభమయ్యెను. ఆ దినములలో కంప్యూటరుపై తెలుగు వ్రాయుటయే కష్టము. ఇంగ్లీషు అక్షరములతో కొట్టిన మాటలను తెలుగు లిపిలోనికి మార్చు పనిముట్లను కొందరు తయారుచేసి ఉచితముగా నిచ్చిరి. అట్లు దారి సుగమము కాగా వ్రాయువారు పెరిగిరి. కొందరు హైదరాబాదునను, కొందరు పల్లెలలోను, కొందరు సముద్రములు దాటి పరదేశములలోను ఉండి వ్రాసిరి. గుంటూరు, ప్రకాశము జిల్లాల గ్రామములకు కూడ అందు పుటలు ఏర్పడినవి. నేడు తెలుగు వికీపీడియాలోని వ్యాసములు లక్షకు మించినవి. ఇది ఎవరి సొత్తును కాదు, అందరి చేను.

అయితే ఉమ్మడి చేనికి ఒక అపాయము కలదు. అందరిదియు అనుకొన్నది ఎవరును పట్టించుకొననిదిగా మారుట సులభము. కొందరు వచ్చి ఫలము గైకొని పోవుదురు. కలుపు తీయువాడు ఒక్కడే మిగులును. ఆ ఒక్కడు అలసినచో చేను బీడగును. ఇది ఊహ కాదు. 2024లో జరిగిన సంగతి యొకటి ఇందుకు సాక్ష్యము.

‘ఎక్స్‌జెడ్’ అను చిన్న ప్రోగ్రాము కలదు. దస్త్రములను కుదించి చిన్నవిగా చేయుట దాని పని. దాని పేరు సామాన్యులు వినియుండరు. కాని లినక్సుతో నడచు అసంఖ్యాకములైన యంత్రములలో అది ఇమిడియున్నది. ఆ ప్రోగ్రామును సంవత్సరముల తరబడి ప్రధానముగా ఒక్క వ్యక్తియే, జీతము లేక, సాకుచుండెను. 2022లో అతడు తన అనారోగ్యమును, పనిభారమును గూర్చి చెప్పుకొనెను. కొందరు ఆలస్యమును గూర్చి నిష్ఠురములాడి, మరియొకరికి అధికారము నిమ్మని వేగిరపెట్టిరి. అదే సమయమున ఒక సహాయకుడు వచ్చి, ఓపికగా పనిచేసి, రెండేండ్లలో విశ్వాసమును సంపాదించి, అధికారమును పొందెను. పిదప ఆ ప్రోగ్రాములో దొంగదారి నొకదానిని దాచెను. అది వ్యాపించియున్నచో లోకమందలి యెన్నో యంత్రముల తలుపులు అతనికి తెరువబడియుండెడివి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన యంత్రములోనికి ప్రవేశించునపుడు సుమారు అర సెకను ఆలస్యమగుట గమనించి, కారణమును వెదకి, 2024 మార్చి 29వ తేదీన ఈ కుట్రను లోకమునకు వెల్లడించెను. గండము తప్పినది. కాని దొంగ ప్రవేశించిన దారి ఏది? ఒంటరిగా అలసియున్న సేవకుని అలసటయే ఆ దారి.

ఇట్టి అలసటను ఎట్లు నివారింపవచ్చును? ఇందుకు సమాధానమును వెదకువారు ఒక శతాబ్దము వెనుకకు, సముద్రతీరమందలి చీరాలకు పోవలయును.

చీరాల, పేరాలలు నేతగాండ్రకు నిలయమైన గ్రామములు. అప్పుడు అవి గుంటూరు జిల్లాలోనివి. ఆ రెండింటిని కలిపి మద్రాసు ప్రభుత్వమువారు మునిసిపాలిటీగా చేసిరి. అంతవరకు సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్ను 40,000 రూపాయలకు పెరిగెను. ప్రజలు వలదని మొరపెట్టుకొన్నను ఫలము లేకపోయెను. అప్పుడు వారికి నాయకుడైనవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన 1889లో జన్మించి, స్కాట్లండులోని ఎడింబరోలో విద్య నభ్యసించి వచ్చినవాడు. చమత్కారముగా మాటలాడుటలో దిట్ట. ఆయన ‘రామదండు’ అను స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చెను. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశమున ఈ దండే జనసందోహమును క్రమముగా నడపి పేరు పొందెను.

ఆ సంవత్సరముననే మహాత్మాగాంధి చీరాలకు వచ్చెను. ఊరు విడిచి పోవుట శాంతియుతమైన నిరసన మార్గములలో ఒకటి యని ఆయన సూచింపగా, ప్రజలలో అత్యధికులు ఇండ్లు వాకిండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసికొని, ఆ వాసమునకు రామనగరము అని పేరు పెట్టుకొనిరి. వేసవి యెండలను, వానలను, చలిని ఓర్చుకొని సుమారు 11 నెలలు అచ్చటనే గడపిరి. ఇంతమందిని ఇంతకాలము నిలిపినది కేవలము కోపము కాదు. కోపము కొన్నాళ్లకు చల్లారును. దండులోని ప్రతివానికిని ఒక పని యుండెను. వారందరికిని ఒక వేషము, ఒక పేరు ఉండెను. తాను ఒంటరివాడను కానను భావము ప్రతివానిని పట్టి నిలిపెను.

కాని ఈ కథకు రెండవ భాగము కలదు. 1921లోనే గోపాలకృష్ణయ్యను ప్రభుత్వమువారు నిర్బంధించి, ఒక సంవత్సరము కారాగారమునకు పంపిరి. నాయకుడు దూరమయ్యెను. ధనము కొఱవడెను. ఆయనవలె జనమును కూడగట్టగలవారు లేకపోయిరి. కొంతకాలమునకు ప్రజలు క్రమముగా తమ ఇండ్లకు మరలిరి. వారి త్యాగము చరిత్రలో నిలిచినది. అయినను ఒక పాఠము కూడ మిగిలినది. ఒక దీపము వెలుగునందే నడచు బాటసారులు ఆ దీపము ఆరినపుడు దారి కానక నిలిచిపోవుదురు. ఒక దీపమునుండి మరికొన్ని దీపములను వెలిగించుకొనియుండవలయును.

చీరాలకు కొద్ది దూరముననే వేటపాలెము కలదు. అచ్చట 1918లో, ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠిగారి పూనికతో యువకులు ఒక చిన్న గ్రంథాలయమును స్థాపించిరి. అదే సారస్వత నికేతనము. 1929లో గాంధీజీ దానిని దర్శించెను. స్థాపకుల కాలము గడచినది. వేటపాలెము గుంటూరు జిల్లానుండి ప్రకాశము జిల్లాకును, 2022లో బాపట్ల జిల్లాకును మారినది. గ్రంథాలయము మాత్రము మారక నిలిచియున్నది. నూరేండ్ల నాటి పత్రికలను చూడగోరు పరిశోధకులు నేటికిని అచ్చటికి వెళ్లుచుందురు. ఒక పత్రికను మడత నలుగక, చెద పట్టక కాపాడుట ఒకనాటి పని కాదు. ఉపన్యాసములతో జరుగు పనియు కాదు. ఎవరో ఒకరు దానిని దులిపి, కట్టగట్టి, తరువాతి వారికి అప్పగింపవలయును. ఆ అప్పగింతయే ఆ సంస్థకు ప్రాణము.

గుంటూరు జిల్లాలోనే మరియొక దృష్టాంతము కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారి కృషివలన పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడచెను. జనులు పుస్తకముల యొద్దకు రాలేకున్నచో పుస్తకములే జనుల యొద్దకు పోయెను. సేవ చేయగోరువాడు ఎదుటివాని అవసరమును గుర్తించి నాలుగడుగులు ముందుకు వేయవలయునని ఆ పడవ చాటెను.

ఈ దృష్టాంతములనుండి తేలుచున్న సంగతి యొక్కటే. ఉత్సాహము మనుష్యుని పనిలోనికి తెచ్చును. ఆదరమును, పనిపంపకమును అతనిని నిలుపును. ఓపెన్ సోర్సు సంఘములలో చక్కగా నడచునవి ఈ సంగతిని గ్రహించినవే.

ఒక ఉదాహరణము చూడుడు. పర్చూరు ప్రాంతమునందలి ఒక విద్యార్థిని తన గ్రామపు పుటలో చెరువును గూర్చి రెండు వాక్యములు చేర్చినదనుకొందము. ఆధారము చూపలేదు, అక్షరదోషములును కలవు. మరునాడు చూచునప్పటికి ఆ వాక్యములు తొలగింపబడియున్నవి. కారణమును చెప్పినవారు లేరు. ఆ బాలిక మరల వచ్చునా? అట్లుగాక ఒక పెద్ద, “మీరు చేర్చిన విషయము ఉపయోగకరమైనది. ఏ పుస్తకములోనిదో చెప్పినచో అది స్థిరముగా నిలుచును. ఎట్లు చేర్చవలెనో ఇక్కడ చూపినాను” అని వ్రాసినచో, ఆమె ఆ దోషమును దిద్దుకొనుటయే కాక, ప్రక్క గ్రామపు పుటను కూడ తెరచును. కొత్తవారిని కసరి తరిమివేయరాదను నియమము వికీపీడియాలో వ్రాతమూలకముగా ఉన్నది. సభ్యులు తమ సందేహములను, తగవులను చర్చించుకొనుటకు తెలుగు వికీపీడియాలో ఒక పుట కలదు. దానికి పల్లెటూరి సంప్రదాయము ననుసరించి ‘రచ్చబండ’ యని పేరు పెట్టిరి.

పనిపంపకమునకు కూడ మార్గములు కలవు. పెక్కు ప్రోగ్రాము సంఘములవారు తేలికపనులను కొన్నింటిని కొత్తవారికై విడిగా గుర్తించి ఉంచుదురు. అనుభవము గలవాడు ఆ పనిని గడియలో చేయగలడు; అయినను చేయడు. చిన్నవాడు కోయదగిన కొమ్మను చిన్నవానికే విడిచిపెట్టుట వంటిదది. 1993లో పుట్టిన ‘డెబియన్’ అను సంఘము తన నాయకుని సంవత్సరమునకొకసారి సభ్యుల ఓట్లతో ఎన్నుకొనును. నాయకత్వము ఒకరి భుజముననే ఉండిపోదు. దిగిపోవువాడు అవమానము లేక దిగును. ఎక్కువాడు భయము లేక ఎక్కును. అలసినవాడు కొంతకాలము విశ్రమించుటయు తప్పు కాదు. తిరిగి వచ్చునప్పటికి తలుపు తెరచియున్నచో చాలును.

కృతజ్ఞతయు అంతే అవసరము. ధనము నాశింపని వానికి మంచిమాట యొక్కటే వేతనము. వికీపీడియాలో ప్రతి పుటకును ఒక చరిత్ర కలదు. ఎవరు ఏనాడు ఏ అక్షరమును దిద్దిరో అందు నిలిచియుండును. చిన్న దిద్దుబాటునకు సైతము దానిని చేసినవాని పేరుండును. చేసిన పని మరుగున పడలేదని తెలిసినవాడు మరల పనికి వచ్చును.

స్వచ్ఛందసేవ గొప్పదనమును పొగడుట సులభము. సేవకుని కష్టమును గుర్తించుట కష్టము. పొగడ్తను మాత్రమే ఇచ్చి భారమంతయు ఒక్కనిపై మోపు సంఘము ఎక్స్‌జెడ్ వలె గండమునకు లోనగును. కొత్తచేతికి కొమ్మను చూపి, పాతచేతికి విశ్రాంతి నిచ్చి, తరువాతి వానిని సిద్ధము చేయు సంఘము సారస్వత నికేతనమువలె నిలుచును.

మాఘ, ఫాల్గుణ మాసములలో నల్లరేగడి చేలలో ఎర్రని మిరపపండ్లు కోయు కూలిజనము వరుసలు తీర్చి నడతురు. ఒకరి సాలు వెనుకబడినచో ప్రక్కసాలువారు నాలుగు మొక్కలు తాము కోసి, ఆ వరుసను కలుపుకొని పోవుదురు. చేను పెద్దది, కోతలు పెక్కు. ఎవ్వరును వెనుకబడి ఒంటరిగా మిగులకున్నచో కడపటి కోతకు కూడ చేతులుండును.